ఉద్యోగ విరమణయు దూరదేశ ప్రయాణమును



సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయము చివర ఒక చిన్న నియమమున్నది. దానిమీద ప్రసంగించినవారిని నేను అరుదుగా వింటిని. ప్రత్యక్షపు గుడారములో పనిచేయు లేవీయుడు 25 ఏండ్ల ప్రాయమున సేవలో చేరవలెను. 50 ఏండ్లు నిండగానే ఆ పని చాలించవలెను. చాలించిన తరువాత అతడు గుడారము దగ్గరనే తన సహోదరులకు తోడుగా కావలి కాయవచ్చును గాని ఆ సేవాభారము అతనిమీద ఉండదు. కహాతీయులు పరిశుద్ధ వస్తువులను బండ్లమీద వేయక భుజములమీద మోయవలసినవారు గనుక ఈ నియమములోని దయ మనకు సులభముగానే తెలియును. మోసి మోసి అరిగిన భుజమును దేవుడు చూచెను. పని ఎంత పరిశుద్ధమైనదైనను దానిని దించుకొను దినమొకటి యుండవలెనని ఆయనయే నిర్ణయించెను.

మన రాష్ట్రములో ప్రభుత్వోద్యోగికి ఆ దినము 58వ ఏట వచ్చుచుండెడిది. 2021లో దానిని 61కి పెంచిరి. అయితే సిరిసిల్లలో సాంచెలు నడుపు మనిషికి ఆ దినమేది? కోరుట్లలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు తల్లికి ఆ దినమేది? కన్ను కనబడునంతవరకు, వ్రేళ్లు కదలునంతవరకు వారికి పనియే. కాబట్టి విరమణ అనునది మన సంఘములలో కొందరికే దొరికిన వరము. కొందరికే దొరికిన దానిని ఏమి చేసికొనవలెనను ప్రశ్నను వారు తమ యింటిలో మాత్రమే తేల్చుకొనుట చాలదు. సంఘము నడుమకు తేవలసినదే.

అట్టి ప్రశ్న ఈ యేడు జగిత్యాల దగ్గరి ఒక సంఘపెద్ద నోట వచ్చినది. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. ఉద్యోగమంతయు పల్లె బడులలోనే గడిచినది. బస్సు పోని ఊళ్లకు సైకిలు మీదనే పోయి పాఠము చెప్పి వచ్చెడివాడు. ఇప్పుడు ఆయన కోరిక యేమనగా, ఒక యేడాది కాలము సైకిలు మీద దూరదేశములు చూడవలెనని: మొదట నేపాలము, తరువాత గల్ఫు దేశములు, ఆ తరువాత బలమున్నయెడల ఐరోపాలో కొంత భాగము. ఈ మాట బయటికి రాగానే ఊరిలో నవ్వులు పుట్టినవి. "కాశికి పోతె ఒక అర్థమున్నది, యెరూషలేముకు పోతె ఇంకో అర్థమున్నది, ఇదేం తిరుగుడు?" అని ఒకరు. "మనోళ్లు విమానమెక్కి పోయి అక్కడ గోస పడుతున్నరు, నీకేం అక్కర సారూ?" అని మరియొకరు. ఆ పైకముతో గుడి పైకప్పు వేయించవచ్చునని కమిటీలో నొకరు. ఆయన నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఇది పాపమా? పాపమంటె చెప్పండి, సైకిలు అమ్మేస్త" అనెను.

ఆ నవ్వులను ప్రక్కన పెట్టుదము. మిగిలిన రెండు మాటలు, గోస పడువారి మాటయు పైకప్పు మాటయు, తీసివేయదగినవి కావు.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో "దేశము పోవుట" అనగా అందరికిని ఒకే అర్థము తోచును. 1973 తరువాత చమురు ధర పెరిగి అరబ్బు దేశములలో కట్టడములు లేచినది మొదలు ఈ పల్లెలనుండి మగవారు దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ దేశములకు పోవుచునే యున్నారు. అంతకుముందు సిరిసిల్ల పద్మశాలీలు బొంబాయికి, భీవండికి, షోలాపురానికి పోయి మగ్గముల దగ్గర బ్రతికిరి. మొదటి తరము వారు బొంబాయికి పోయి అక్కడ విమానమునకై వారములు పడిగాపులు కాచిరి. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరచిన తరువాత ఆ కష్టము తగ్గినది గాని అప్పు తగ్గలేదు. ఏజెంటుకు ఇచ్చుటకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది తీర్చుటకే మొదటి యేండ్లు పోవును. యజమానిని విడిచి కాగితములు లేక తిరుగు వానిని "ఖల్లివెల్లి" అని పిలుచు మాట మన పిల్లలకు కూడ తెలియును. అక్కడ మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ఇచ్చునట్లు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తరువు చేయవలసి వచ్చినదనగా, ఎన్ని పెట్టెలు ఈ దారిన దిగినవో వేరుగా చెప్పనక్కరలేదు. మన సంఘములలో అట్టి పెట్టెను దించుకొనని ఊరు నాకు తెలిసినంతలో తక్కువ.

ఇట్టి చోట ఒక మనిషి, ఎవరును పంపకుండ, అప్పు తరుముకుండ, కేవలము చూడవలెనను కోరికతో సముద్రము దాటుదునని చెప్పినప్పుడు వినువారి గుండెలో ఒక ముల్లు గ్రుచ్చుకొనుట సహజము. ఆ ముల్లును అసూయ అని తేలికగా త్రోసివేయరాదు. దానిలో ఒక న్యాయమైన ప్రశ్న యున్నది: ఒకడు ఏడ్చుచు పోయిన దారిలో మరియొకడు పాడుకొనుచు పోవచ్చునా?

పోవచ్చునని నేను నమ్ముచున్నాను. ఒకని బాధ మరియొకని సంతోషమును పాపముగా మార్చదు. మార్చునదైతే కరవు వచ్చిన యేట పెండ్లి చేసిన ప్రతి తండ్రియు పాపియే. అయితే ఆ బాధ ఆ సంతోషమును ఒక ప్రశ్న అడుగును, దానికి ఉత్తరము చెప్పవలసియుండును. కన్నులు మూసికొని ప్రక్కనుండి దాటిపోవుట యేమో మన ప్రభువు యెరికో దారి కథలో తేటపరచియున్నాడు. ఆ యాజకుడును లేవీయుడును ప్రయాణము చేసినందుకు నిందింపబడలేదు. వారు అవతలి ప్రక్కగా పోయిరి. తప్పు అక్కడ నున్నది.

ఇక వయస్సు సంగతి. ఈ విషయములో లేఖనములు ఒకే మాట చెప్పుటలేదని మీరు గమనింపవలెను. అబ్రాహాము హారానునుండి బయలుదేరునప్పటికి 75 ఏండ్లవాడు. కాలేబు 85వ ఏట యెహోషువ ఎదుట నిలిచి, అనాకీయులున్న ఆ కొండసీమనే తనకిమ్మని అడిగెను. ఈ ఇద్దరి పేర్లు చెప్పి వృద్ధులను గుఱ్ఱమెక్కించు బోధకులు బర్జిల్లయిని మరచిపోవుదురు. అబ్షాలోము తిరుగుబాటు కాలమున మహనయీములో దావీదునకు పరుపులు, గోధుమలు, తేనె తెచ్చి పోషించిన పెద్దమనిషి అతడు. రాజు తిరిగి వచ్చుచు, నాతో యెరూషలేమునకు రమ్ము, నిన్ను పోషింతునని పిలిచెను. అప్పుడు బర్జిల్లయికి 80 ఏండ్లు. తన నాలుకకు రుచి తెలియదని, గాయకుల స్వరము చెవికి అందదని, రాజుకు తాను భారమగుటెందుకని చెప్పి, యొర్దాను దాటువరకు మాత్రము తోడు వచ్చి, తలిదండ్రుల సమాధి యున్న తన ఊరికే మరలిపోయెను. తనకు బదులుగా కింహామును పంపెను. రాజు అతని ముద్దుపెట్టుకొని దీవించెను గాని పిరికివాడని తప్పుపట్టలేదు.

కాబట్టి పోయినవాడును భక్తుడే, పోనివాడును భక్తుడే. కాలేబు తన బలమును ఎరిగియుండెను, బర్జిల్లయి తన బలహీనతను ఎరిగియుండెను. తన్ను తాను ఎరుగుట ఇద్దరిలోను సమానము. మన పెద్దమనిషి కాలేబా, బర్జిల్లయియా అన్నది నేను చెప్పగలిగినది కాదు. గుండె డాక్టరు కొంత చెప్పును, కోరుట్ల దారి కొంత చెప్పును.

నిజముగనే చెప్పుచున్నాను. ఆయన నాలుగు నెలలుగా తెల్లవారుజామున జగిత్యాలలో బయలుదేరి 63వ నంబరు జాతీయ రహదారి మీద కోరుట్లకు పోయి వచ్చుచున్నాడు. మొదటి నెల వట్టి సైకిలు. తరువాత క్యారియరుకు ఇరుప్రక్కల పదేసి కిలోల బియ్యపు సంచులు కట్టుకొని. బరువంతయు క్యారియరు పైన కట్టినప్పుడు హ్యాండిలు వణకుచుండెననియు, అదే బరువును ఇరుప్రక్కల క్రిందికి దించి కట్టినప్పుడు బండి నిలుకడగా పోయెననియు ఆయన నాకు చెప్పెను. నేను దానిని ప్రసంగములో వాడుకొందునని తలంచి కొంచెము నవ్వెను కూడ. సీటు ఎత్తు సరిగా లేక మోకాలు నొచ్చినది. దానిని ఒక అంగుళము పైకెత్తిన తరువాత తగ్గినది. చక్కెర, రక్తపు పోటు చూపించుకొనెను. పరుగెత్తు పట్టీ మీద నడిపించి గుండెను పరీక్షించిరి. పండ్లు కూడ చూపించుకొనుమని నేనంటిని. పరదేశములో పంటి నొప్పి వచ్చినవాని కంటె ఒంటరివాడు లేడు.

లూకా 14లో గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పినది మనమెరుగుదుము. 1923లో బొంబాయినుండి ఆరుగురు పారసీ యువకులు సైకిళ్లమీద భూమిని చుట్టివచ్చుటకు బయలుదేరిరి. 1928లో తిరిగి బొంబాయి చేరినవారు ముగ్గురు: ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగరా. దారి మధ్యలో ఆగిపోయిన ముగ్గురిని నేను తక్కువ చేయుటలేదు. ఆరు జతల కాళ్లు యవ్వనబలముతో బయలుదేరినను లెక్క సగమునకే సరిపోయినదని మాత్రమే చెప్పుచున్నాను. మన తెలుగువాడైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణములో బయలుదేరి కాశికి పోయి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. హైదరాబాదు మీదుగా మన సీమకు దగ్గరి దారిననే పోయెను. ఆయన వెంట పరివారము నూరుమంది వరకు ఉండిరి. సైకిలువానికి పరివారము లేదు. తన ట్యూబు తానే అతుకవలెను. మన పెద్దమనిషి ఒక సైకిలు షాపులో పదిహేను దినములు కూర్చుండి పంక్చరు వేయుట, గొలుసు తెగిన కలుపుట, బ్రేకు రబ్బర్లు మార్చుట, వంకర పోయిన రిమ్మును పుల్లలు బిగించి సరిచేయుట నేర్చుకొనెను. విమానములో వేయునప్పుడు పెడళ్లు ఊడదీయవలెను. ఎడమ పెడలు మర తిరుగుడు విరుద్ధముగా నుండును, తెలియనివాడు విప్పబోయి మరింత బిగించును. నలుబది యేండ్లు పిల్లలకు నేర్పిన మనిషి ఇరువది యేండ్ల మెకానిక్కు ముందు నేల మీద కూర్చుండి నేర్చుకొనుట చూచినప్పుడు, ప్రయాణము అప్పుడే మొదలైనదని నాకు తోచినది.

కాగితముల సంగతి త్వరగా చెప్పి ముగింతును. నేపాలమునకు మన దేశస్థులకు వీసా అక్కరలేదు. ఐరోపాలో షెంగెన్ ఒప్పందములోని 29 దేశములకు ఒకే వీసా చాలును గాని 180 దినములలో 90కి మించి ఉండరాదు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా చూపవలెను. పాసుపోర్టుకు గడువు ఇంకను ఆరు నెలలైనను ఉండవలెను. మనయొద్ద సులభముగా దొరకు కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు గల్ఫు దేశములలో అనుమతి లేక తెచ్చినచో నేరమగును గనుక డాక్టరు చీటి, మందు అసలు పేరుతో, దగ్గర నుంచుకొనవలెను. ఒక వింత కూడ ఉన్నది. పదవ తరగతి దాటని కార్మికుడు గల్ఫునకు పోవునప్పుడు వలస తనిఖీ ముద్ర కావలెనని మన నియమము; 50 ఏండ్లు దాటినవానికి ఆ తనిఖీ లేదు. లేవీయుని భుజమునుండి బరువు దించిన వయస్సుననే మన సర్కారు కూడ, వీడు మోయుటకు పోవుటలేదని మనిషిని విడిచిపెట్టుచున్నది! పింఛనుదారుడు ఏటేట తాను బ్రతికియున్నట్లు రుజువు చూపవలెను గదా. దానిని కూడ ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖము చూపి పంపవచ్చును.

ఇవన్నియు సిద్ధపాటులో తేలికైన భాగము. బరువైనది ఇంటిలో నున్నది.

ఐర్లండు దేశములో డెర్వ్లా మర్ఫీ అను స్త్రీ యుండెను. పదియేండ్ల పుట్టిన దినమున ఆమెకొక సైకిలును ఒక పటముల పుస్తకమును దొరికినవి. సైకిలు మీద హిందూ దేశమునకు పోవుదునని ఆ పిల్ల అప్పుడే నిశ్చయించుకొనెను. అయితే తల్లి కీళ్లవాతముతో కదలలేనిదాయెను. 14వ ఏట బడి మాని ఆమె తల్లికి పరిచర్య చేయ మొదలుపెట్టెను. ఆ యేండ్లు తియ్యగా గడవలేదని, విసుగును కోపమును తన్ను కాల్చినవని ఆమెయే తన జీవితకథలో దాచక వ్రాసికొనెను. 1961లో తండ్రియు, 1962లో తల్లియు మరణించిరి. 1963 జనవరిలో, ఐరోపాయంతయు మంచుతో గడ్డకట్టిన చలికాలమున, ఆమె సైకిలెక్కి బయలుదేరి ఇరాను, ఆఫ్ఘనిస్థాను, పాకిస్తాను దాటి ఆ యేడే ఢిల్లీ చేరెను. అప్పటికి ఆమెకు 31 ఏండ్లు. ఇరువదియొక్క యేండ్లు ఆ కోరిక తల్లి మంచము ప్రక్కన ఆగియుండెను. ఆమె మన విశ్వాసమును ఒప్పుకొనినది కాదు. అయినను మార్కు 7లో కొర్బాను అను మాట చెప్పి తలిదండ్రులను విడిచిపెట్టిన భక్తుల కంటె ఆమె ఆజ్ఞను ఎక్కువగా నెరవేర్చినదని నేననుకొందును. తలిదండ్రులకు చెందవలసిన దానిని దేవునికర్పితమని పేరుపెట్టి తప్పించుకొనుటను ప్రభువు ఎంత తీవ్రముగా ఖండించెనో చదువుకొనుడి. దేవుని పేరు చెప్పియే తప్పించుకొనరానప్పుడు, లోకము చూచుట అను పేరు చెప్పి తప్పించుకొనవచ్చునా?

మన పెద్దమనిషి తలిదండ్రులు ప్రభువునందు నిద్రించిరి. భార్య యున్నది. ఆమె మోకాళ్లు అరిగినవి. నేను ఆమెను వేరుగా కలిసి అడిగితిని. ఆమె చెప్పినది ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను: "పోనియ్యండి అయ్యగారూ. ఇంట్ల ఉంటె గోడలు చూసుకుంట కూసుంటరు. కాని రాత్రిపూట నా కాళ్లు గుంజితె లేసేదెవరు? ఒక యేడాదంటె నాకు భయమైతది." ఈ మాట ఆయనకు చెప్పితిని. ఆయనకు తెలియదని కాదు. ఆమె ఆయనతో "పోండి" అని మాత్రమే చెప్పియుండెను. మన ఇండ్లలో స్త్రీ "పోండి" అన్నప్పుడు దాని వెనుక రెండవ వాక్యమొకటి ఉండును. భర్తలు మొదటిది విని సంచి కట్టుకొందురు.

రెండవ సంగతి జమానతు. ఆయన తన పూర్వ విద్యార్థులు ఇద్దరికి గల్ఫు అప్పులకు జమానతు సంతకము చేసియుండెను. ఒకడు తీర్చివేసెను. ఇంకొకని బాకీ కొంత మిగిలియున్నది. వాడు సౌదీలో నున్నాడు, జీతము ఆలస్యమగుచున్నది. ఆయన పరదేశములో నుండగా వడ్డీవాడు వచ్చి నిలుచునది ఎవరి వాకిట? కుంటుచు తలుపు తీయు ఆ తల్లి వాకిట. ఈ సంతకము విడిపించుకొనక, లేదా ఆ మొత్తమును వేరుగా బ్యాంకులో పెట్టి ఆమెకు తెలియజెప్పక బయలుదేరుట ధర్మము కాదని నేను గట్టిగా చెప్పితిని. ఆయన ఆ మొత్తమును వేరుచేసెను. దానితో యాత్ర సొమ్ములో మూడవ వంతు పోయినది. వీలునామా వ్రాయించెను. కుమారులకు పొలము గట్లు చూపించెను. ఈ పనులు మరణమునకు సిద్ధపడువాడు చేయు పనులే గదా అని మీరనవచ్చును. అవును. మనలో చాలమంది మరణమునకు కూడ ఇంత సిద్ధపడరు.

ఇక గుడి పైకప్పు. ఆ సొమ్ముతో పైకప్పు వేయవచ్చునన్న సోదరునితో నాకు పూర్తిగా ఏకీభావము లేదు, పూర్తిగా విరోధమును లేదు. బేతనియలో అత్తరు పోయబడినప్పుడు బీదల పేరు ఎత్తినవాడెవడో మనకు తెలియును. ఇతరుని సొమ్మును మంచిపనికి పంచిపెట్టుట అతి సులభమైన దాతృత్వము. అయితే ఆ కథను అడ్డుపెట్టుకొని, నా సొమ్ము నా ఇష్టము అనుటయు తగదు. మరియ ఆ అత్తరును తనమీద పోసికొనలేదు. ఆ పెద్దమనిషి పైకప్పుకు తన భాగమును ఇదివరకే ఇచ్చెను. అంతకు మించి ఆయనను పీడించు హక్కు కమిటీకి లేదని నేను తీర్మానించితిని. అప్పు చేసి మాత్రము వెళ్లరాదని కూడ చెప్పితిని. అప్పు చేసి సముద్రము దాటువారు మనలో ఇదివరకే చాలమంది యున్నారు.

ఎందుకు పోవుచున్నావని ఆయనను అడుగగా, "మన కార్మికుల మధ్య సువార్త చెప్పుదును" అని మొదట చెప్పెను. నేను ఆ మాటను ఒప్పుకొనలేదు. అది నాకు నచ్చునని చెప్పిన మాట. గల్ఫు రాజ్యములలో ఇతర మతస్థుల మధ్య మతప్రచారము చట్టవిరుద్ధము. కేటాయించిన ఆవరణములలో మన తెలుగు సంఘములు ఆరాధించుకొనుచున్నవి, అక్కడికి పోయి వారితో కూడ మోకరించవచ్చును. తన కోరికకు సువార్త అను చొక్కా తొడుగనక్కరలేదు. మరల అడుగగా, తడవి తడవి, నిజము చెప్పెను: "నా దగ్గర చదివిన పోరగాండ్లు ఎక్కడ పండుతున్నరో, ఏం తింటున్నరో చూడాలె అయ్యగారూ. వాళ్లకు టీసీలు రాసిచ్చింది నేనే. పోయిన తొవ్వ నేను చూడలె." దాని తరువాత, కొంచెము సిగ్గుతో, "మంచు కూడ చూడాలె" అనెను.

ఈ రెండును నిజమైనవి గనుక నాకు రెండును నచ్చినవి. మంచును సృజించినవాడు దానిని చూచి సంతోషించువానిమీద కోపపడడు. మొదటిది అంతకంటె గొప్పది. అవతలి ప్రక్కగా పోవుటకు కాక, దగ్గరకు పోవుటకు ఆయన పోవుచున్నాడు. కారులో వచ్చిన అతిథికి కార్మికులు లేచి నిలుచుందురు. సైకిలు మీద చెమటతో వచ్చినవానికి తమ పళ్లెములో అన్నము పెట్టుదురు. వారిలో ననేకులు సైకిలు మీదనే పనికి పోవువారు. చలికాలములో పొమ్మని మాత్రము చెప్పితిని. అక్కడి యెండ ఎట్టిదనగా, ఎమిరేట్లలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 మొదలు 3 గంటల దాక ఎండలో పని చేయించరాదని ప్రభుత్వమే నిషేధించినది.

అతిథిగా నుండుటకు కూడ సిద్ధపాటు కావలెను. ఒడిశాలో 1949లో నేతపని కులమున పుట్టిన ప్రద్యుమ్నకుమార మహానందియా బడిలో అంటరానివాడని వేరుగా కూర్చుండబెట్టబడినవాడు. చిత్రకారుడై, 1977 జనవరిలో ఉన్నదంతయు అమ్మి పాత సైకిలొకటి కొని, ఢిల్లీనుండి స్వీడను దేశములోని తన ప్రియురాలి యొద్దకు బయలుదేరి మే నెలలో చేరెను. దారిలో ఎదురైనవారి ముఖములు గీసియిచ్చి అన్నము తినెనని చెప్పియున్నాడు. స్వదేశములో ప్రక్కన కూర్చుండనీయబడనివానిని పరదేశస్థులు బల్లయొద్ద కూర్చుండబెట్టిరి. సిరిసిల్ల నేతగాండ్రు ఈ కథను ఒకటికి రెండుసార్లు చదువవలెను. ఆయన వచ్చిన ఆ దారి నేడు మనకు సులభము కాదు. అట్టారీ దగ్గరి సరిహద్దు 2025 ఏప్రిలులో మూసివేయబడినది. అందుచేత మన పెద్దమనిషి సైకిలును అట్టపెట్టెలో పెట్టి విమానములోనే పోవలసియున్నది. అయినను పాఠమొకటే. జీవితమంతయు కుర్చీలో కూర్చుండి, ఎదుట నిలిచినవారితో మాటలాడిన ఉపాధ్యాయుడు ఇప్పుడు ఎరుగని వాకిట నిలిచి నీళ్లడుగవలెను. సంచి సర్దుట కంటె ఇది కష్టము. సంచి విషయములో పౌలును చూడుడి: చెరసాలలో నున్న ఆ వృద్ధుడు త్రోయలో విడిచి వచ్చిన అంగీని, పుస్తకములను తెమ్మని తిమోతికి వ్రాసెను, చలికాలము రాకమునుపే రమ్మనెను. చలియు చదువును ఆయన మరువలేదు, మిగిలినదేదియు అడుగలేదు. మన పెద్దమనిషి మంచముమీద పరచిన సామానులో సగము తిరిగి బీరువాలోనికి పోయినది.

చివరికి ఒక ఏర్పాటు కుదిరినది. ఏడాది యాత్రను ఆయన ముక్కలు చేసెను. వానలు వెనుకపట్టిన తరువాత నేపాలము ఆరు వారములు, ఇంటికి వచ్చి క్రిస్మసు చేసికొని, జనవరిలో గల్ఫు రెండు నెలలు, మరల ఇల్లు. ఐరోపా సంగతి భార్య మోకాలికి శస్త్రచికిత్స జరిగి ఆమె నడచువరకు ఎత్తకూడదని ఒప్పుకొనెను. ఒప్పుకొనునప్పుడు ఆయన ముఖము వాడినది. దానిని నేను దాచను. మంచు చూచునో చూడడో తెలియదు.

ఇక మీ వంతు మిగిలియున్నది. యోహాను మూడవ పత్రికలో గాయు అనువాడు, ప్రయాణమైపోవువారిని దేవునికి తగినట్టుగా సాగనంపువాడని మెప్పు పొందెను. సాగనంపుట అనగా దండ వేసి ఫోటో తీసికొనుట కాదు. ఆ తల్లికి రాత్రిపూట తోడు పండుకొనుటకు వంతులు కావలెను. నెలకొకసారి మందులు తేవలెను. ఆదివారము గుడికి తీసికొనిపోవుటకు ఆటో కావలెను. సౌదీలోని పిల్లవాని బాకీ తీరువరకు వడ్డీవానితో మాటలాడుటకు ఒక గట్టి మనిషి కావలెను. గడచిన ఆదివారము ఆరాధన తరువాత ఈ పనులకు పేర్లు అడిగితిమి. రాత్రి తోడుకు మొదట పేరు ఇచ్చినది బీడీలు చుట్టు ఒక విధవరాలు. "ఆకు అక్కడికే తెచ్చుకుంట, కూసొని చుట్టుకుంట" అనెను. వడ్డీవానితో మాటలాడుటకు పైకప్పు మాట ఎత్తిన ఆ సోదరుడే లేచెను. ఆటోకు ఇంకను ఎవరును కుదరలేదు.